కారిడార్ చూడ్డానికి బాగానే ఉంది, మట్టి లెక్కలే నమ్మబుద్ధి కావట్లేదు

కొత్త_అలైన్‌మెంట్
రెండు లేన్ల రోడ్డు, 2.4 కిలోమీటర్లు, డిజైన్ వేగం గంటకి 80. సివిల్ 3డి అనే రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నా. సర్ఫేస్ (నేల రూపం), అలైన్‌మెంట్ (రోడ్డు దారి గీత), ప్రొఫైల్ (పొడుగునా ఎత్తుల గీత), అసెంబ్లీ (రోడ్డు అడ్డుకోత), కారిడార్ (ఇవన్నీ కలిపిన త్రీడీ రోడ్డు) వరసగా అయిపోయాయి, ఎక్కడా ఆగలేదు. త్రీడీలో తిప్పి చూస్తే ముచ్చటగా ఉంది. తీరా ఎర్త్‌వర్క్ తీస్తే, రెండు సర్ఫేస్‌ల మధ్య ఘనం కట్టే వాల్యూమ్ సర్ఫేస్ పద్ధతిలో ఫిల్ (పోయాల్సిన మట్టి) 1,12,000 ఘనపు మీటర్లు వచ్చింది. శాంపిల్ లైన్లు (రోడ్డుకి అడ్డంగా గీసే గీతలు) వేసి సెక్షన్లతో (అడ్డుకోతలతో) తీస్తే 58,000. దేన్ని నమ్మాలి?

ఇంకో రెండు అనుమానాలు కూడా ఉన్నాయి. చైనేజీ (రోడ్డు మొదటి నుంచి దూరం) 1,150 దగ్గర ఎడమ పక్క డేలైట్ లైను (పక్క వాలు నేలని తాకే గీత) దాదాపు 40 మీటర్లు బయటికి వెళ్ళిపోయింది. మిగతా చోట్ల ఐదారు మీటర్లే. పైగా వంపుల్లో రోడ్డు అసలు వాలడం లేదు, తిన్నగా ఉన్నచోట ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది. వీడియో పాఠాల్లో చెప్పినట్టే చేశాను.

మట్టిలెక్క
రెండు పద్ధతులకీ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. సెక్షన్ల పద్ధతి పక్కపక్క సెక్షన్ల వైశాల్యాల సగటుని మధ్య దూరంతో గుణిస్తుంది, ఆ రెండింటి మధ్య నేల ఎలా ఉందో దానికి తెలీదు. అయినా సగానికి సగం తేడా రాదు. నేల సర్ఫేస్‌లో ఏదో ఉంది.

సర్వే_శీను
ముందు ఒక్క పని చెయ్. నేల సర్ఫేస్ ప్రాపర్టీస్‌లో స్టాటిస్టిక్స్ తెరిచి, కనిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఎత్తు ఎంతున్నాయో ఇక్కడ రాయి.

కొత్త_అలైన్‌మెంట్
కనిష్ఠం 0.000, గరిష్ఠం 241.630.

సర్వే_శీను
దొరికింది. నీ సైట్‌లో నేల 210 నుంచి 240 మధ్య ఉన్నప్పుడు సున్నా ఎక్కడి నుంచి వచ్చింది? సర్వే ఫైల్లో ఎత్తు లేని పాయింటు ఏదో ఉంది. కరెంటు స్తంభం గుర్తో, చెట్టు గుర్తో అయ్యుంటుంది. డ్రాయింగ్‌లోంచి బ్లాకులు ఎంచుకుని సర్ఫేస్‌కి కలిపినప్పుడు ఇలాంటివి సున్నా ఎత్తుతో లోపలికి వచ్చేస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి అది కూడా పాయింటే.

ఒక్క పాయింటుకి ఎంత తేడా వస్తుందో లెక్కేసి చూడు. చుట్టూ ఇరవై మీటర్ల దూరంలో మంచి పాయింట్లున్నాయనుకుందాం. మధ్యలో ఒకటి సున్నా. టిన్ (పాయింట్లని త్రిభుజాలతో కలిపిన సర్ఫేస్) అంటే గుంజలకి బిగించి కట్టిన దుప్పటి లాంటిది, ఒక గుంజ లేకపోతే అక్కడ కిందికి జారిపోతుంది. సుమారు 1,000 చదరపు మీటర్ల మూతి, 212 మీటర్ల లోతు ఉన్న శంకువు తయారవుతుంది. మూడో వంతు కడితే 70,000 ఘనపు మీటర్లు! నీ ఫిల్‌లో సగానికి పైగా ఆ ఒక్క పాయింటే మింగింది.

డేలైట్ 40 మీటర్లు పోవడానికి కూడా కారణం అదే. కట్ట వాలు ఆ గొయ్యిలోకి దిగి, అవతలి గోడకి తగిలేదాకా ఆగలేదు. సెక్షన్ల లెక్కలో తక్కువ ఎందుకొచ్చిందంటే, నీ శాంపిల్ లైన్లు సెంటర్ లైను నుంచి 20 మీటర్లకే ఆగిపోయి ఉంటాయి. గొయ్యిలో కొంత భాగమే వాటికి కనపడింది.

రాళ్ళబాట
212 మీటర్ల బావి. నీళ్ళు పడ్డాయేమో చూడండి ఎవరైనా.

కొత్త_అలైన్‌మెంట్
శాంపిల్ లైన్లు 20 మీటర్లకే ఉన్నాయి, నిజమే. బిల్డ్ సెట్టింగుల్లో "ఈ ఎత్తు కన్నా తక్కువవి వదిలెయ్" అనే ఆప్షన్ కనిపిస్తోంది. అందులో 200 ఇస్తే సరిపోతుందా?

బ్రేక్‌లైన్_బాబు
సరిపోతుంది. నేనైతే అదే చేస్తా, క్షణంలో పని అయిపోతుంది.

సర్వే_శీను
బాబు గారి మాటకి నేను ఒప్పుకోను. ఆ ఆప్షన్ పెడితే సున్నా పోతుంది గానీ, 212 ఉండాల్సిన చోట 221 అని పొరపాటున పడ్డ పాయింటు పోదు. సున్నా ఒకటి ఉందంటే ఫైలుని ఎవరూ చూడలేదని అర్థం. పాయింట్ల పట్టికని ఎత్తు వరసలో పేర్చి పైనా కిందా చూడాలి. తర్వాత సర్ఫేస్‌కి అర మీటరు కాంటూర్లు (సమాన ఎత్తు గీతలు) పెట్టి చూస్తే, పుండు లేచినట్టు గుండ్రంగా గుమిగూడిన చోటల్లా అనుమానించాల్సిందే.

డ్రోన్ సర్వే అయితే ఇంకా జాగ్రత్త. పొదల తలలు కూడా నేల కింద లెక్కలోకి వస్తాయి. పొదలున్న చోట ఫిల్ తగ్గి కనిపిస్తుంది.

బ్రేక్‌లైన్_బాబు
శీను గారూ, ఫైలు చూడొద్దని నేననలేదు. ఆప్షనూ పెట్టాలి, ఫైలూ చూడాలి. ఆ రెండింటికన్నా ముఖ్యం బ్రేక్‌లైన్లు. పాత రోడ్డు అంచు, గట్టు తల, గట్టు పాదం, కాలవ అడుగు, ఇవన్నీ గీతలుగా ఇవ్వకపోతే త్రిభుజాలు గట్టుకి అడ్డంగా కట్టుకుంటాయి. పాయింట్లన్నీ ఒప్పే అయినా నేల తప్పుగా వస్తుంది. సర్ఫేస్ బయటి అంచుల్లో పొడవాటి త్రిభుజాలుంటే గరిష్ఠ త్రిభుజ పొడవు పరిమితి పెట్టండి, లేదా అవుటర్ బౌండరీ గియ్యండి.

వంపుదారి
వంపుల్లో రోడ్డు వాలడం లేదన్నారు కదా. అసెంబ్లీలో లేన్‌కి ఏ సబ్‌అసెంబ్లీ (అసెంబ్లీలో ఒక్కో ముక్క) వాడారు?

కొత్త_అలైన్‌మెంట్
బేసిక్ లేన్, మేడమ్.

వంపుదారి
అదే సంగతి. బేసిక్ లేన్ మీరు ఇచ్చిన వాలు తప్ప ఇంకేదీ వినదు. సూపర్‌ఎలివేషన్‌ని (వంపులో రోడ్డుకి ఇచ్చే పక్క వాలుని) పాటించే లేన్ సూపర్‌ఎలివేషన్ ఏఓఆర్ పెట్టండి. అంతకన్నా ముందు అలైన్‌మెంట్ మీద సూపర్‌ఎలివేషన్ లెక్క నడిపించాలి, లేకపోతే చదవడానికి దానికి ఏమీ ఉండదు. కారిడార్ ఫ్రీక్వెన్సీలో సూపర్‌ఎలివేషన్ కీలక బిందువుల దగ్గర సెక్షన్ పడేలా పెట్టుకోండి. 25 మీటర్లకొకటి వదిలేస్తే వాలు మారే చోటు రెండు సెక్షన్ల మధ్య దాక్కుంటుంది.

మీ వంపుల్లో చిన్న వ్యాసార్థం ఎంత?

కొత్త_అలైన్‌మెంట్
300 మీటర్లు.

వంపుదారి
ఫరవాలేదు. వేగం వర్గాన్ని 127 రెట్ల వ్యాసార్థంతో భాగిస్తే వాలు, పక్క రాపిడి రెండూ కలిపి ఎంత కావాలో వస్తుంది. 80కి, 300కి అది 0.168. రాపిడి 0.15, వాలు 7 శాతం దాకా తీసుకుంటే వ్యాసార్థం సుమారు 230 వరకూ దిగొచ్చు. మీరు పైనే ఉన్నారు. వాలు ఎంత ఇవ్వాలన్నది మాత్రం మీ ప్రాజెక్టు ఏ ప్రమాణం మీద నడుస్తోందో దాని పట్టిక చూసి ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డిఫాల్ట్ పట్టిక మీకు వర్తించాలని లేదు.

కొత్త_అలైన్‌మెంట్
మూడు స్తంభాల బ్లాకులు దొరికాయి, ఒకటి సరిగ్గా 1,150 దగ్గరే. తీసేశాను. బ్రేక్‌లైన్లు ఇచ్చాను, లేన్ మార్చాను. ఇప్పుడు వాల్యూమ్ సర్ఫేస్‌తో ఫిల్ 41,300, కట్ (తవ్వాల్సిన మట్టి) 12,100. సెక్షన్లతో ఫిల్ 40,600. డేలైట్ కూడా దారికొచ్చింది. శీను గారికి, మేడమ్‌కి చాలా థాంక్స్.

మట్టిలెక్క
ఆగండాగండి. ఏ కారిడార్ సర్ఫేస్‌తో పోల్చారు, టాప్‌తోనా డేటమ్‌తోనా?

కొత్త_అలైన్‌మెంట్
టాప్ లింకులతో (సెక్షన్‌లో పై గీతలతో) చేసిందే. అదొక్కటే చేశాను.

మట్టిలెక్క
టాప్ అంటే తారు పైభాగం. దాంతో లెక్కేస్తే కంకర, తారు పొరలన్నిటినీ మట్టి కింద కట్టేసినట్టే. మట్టి పనికి డేటమ్ (రోడ్డు పొరల కింద మట్టి పైభాగం) లింకులతో ఇంకో సర్ఫేస్ చెయ్యండి, ఓవర్‌హ్యాంగ్ సవరణలో బాటమ్ లింక్స్ ఎంచుకోండి. బౌండరీగా కారిడార్ ఎక్స్‌టెంట్స్ ఇవ్వండి, లేకపోతే వంపు లోపలి వైపు అడ్డంగా త్రిభుజాలు కట్టి లేని మట్టిని చూపిస్తుంది.

కొత్త_అలైన్‌మెంట్
డేటమ్‌తో ఫిల్ 31,700, కట్ 16,650 అయ్యాయి.

మట్టిలెక్క
ఇప్పుడు సరిచూద్దాం. ఫిల్ 9,600 తగ్గింది, కట్ 4,550 పెరిగింది, మొత్తం 14,150. మీ పొరల మందం, వెడల్పు ఎంత?

కొత్త_అలైన్‌మెంట్
షోల్డర్లతో కలిపి 10 మీటర్లు, మందం 0.6.

మట్టిలెక్క
10 ఇంటూ 0.6 ఇంటూ 2,400 అంటే 14,400. అంచుల వాలుకి ఆ కాస్త తేడా పోయింది. ఇక ఈ లెక్కని నమ్మొచ్చు. తవ్విన మట్టి వదులై పెరుగుతుంది, కట్టలో గట్టిగా అణిచాక తగ్గుతుంది. ఆ గుణకాలు మట్టి పరీక్ష రిపోర్టు చూసి ఇవ్వండి. తవ్విందంతా కట్టకి పనికొస్తుందని కూడా అనుకోవద్దు. పై మట్టి పొర తీసేసే లెక్క విడిగా పెట్టండి.

లెవల్‌బుక్
పైన మట్టిలెక్క గారు చేసిన గుణకారం చూశారా, అదీ పని. ఏ కారిడార్ చేసినా ఒక్క సెక్షన్ నేను చేత్తో గీస్తా. గ్రాఫ్ కాగితం, నేల లెవల్స్, ఫార్మేషన్ లెవల్ (పొరల కింద మట్టి మట్టం), క్యాంబర్ (నడుమ నుంచి పక్కలకి వాలు), పక్క వాలు. వైశాల్యం లెక్కకట్టి సాఫ్ట్‌వేర్ చెప్పిన దానితో పోలుస్తా. కలిస్తే మిగతా సెక్షన్ల మీద నమ్మకం కుదురుతుంది. కలవలేదంటే ఏదో టార్గెట్ (సబ్‌అసెంబ్లీ వెళ్ళి తాకాల్సిన గీత లేదా సర్ఫేస్) తప్పింది, లేదా ఏదో కోడ్ (లింకుకి ఇచ్చిన పేరు) తప్పింది.

కొత్తగా వచ్చే పిల్లలకి ముందు నెల రోజులు చేత్తో గీయించాలంటాను.

రాళ్ళబాట
పెద్దాయనా, ఈ కాలంలో 2.4 కిలోమీటర్లు చేత్తో ఎవరు గీస్తారు? ప్రొఫైల్ ఒక్క జానెడు మారితే అన్నీ మళ్ళీ గియ్యాలి. సాఫ్ట్‌వేర్ గొప్పంతా అక్కడే ఉంది: ఒకటి మారిస్తే అన్నీ మారతాయి. అందుకే నాలుగు ప్రత్యామ్నాయాలు చూసే తీరిక దొరుకుతోంది.

లెవల్‌బుక్
2.4 కిలోమీటర్లు గియ్యమని ఎవరన్నారు నాయనా, ఒక్క సెక్షన్ అన్నాను. కట్‌లో ఒకటి, ఫిల్‌లో ఒకటి, వంపు నడుమ ఒకటి అయితే ఇంకా మంచిది.

రాళ్ళబాట
అలాగైతే ఒప్పుకుంటా. వంపు నడుమది తప్పకుండా.

వంపుదారి
మట్టి లెక్క సరే. ఫిల్ 31,700 అయినా నాకు ఎక్కువే అనిపిస్తోంది, అసలు ప్రొఫైల్ ఎలా వేశారు? గ్రేడ్ (పొడుగునా వాలు) మారే బిందువులు, అంటే పీవీఐలు ఎన్ని?

కొత్త_అలైన్‌మెంట్
మట్టి తగ్గించాలని నేలని అంటిపెట్టుకునే వెళ్ళాను మేడమ్. ప్రతి 60, 70 మీటర్లకి ఒక పీవీఐ ఉంది. ఎక్కువగా 2 శాతం ఎక్కుడు, 1.8 శాతం దిగుడు అలా మారుతుంటుంది. వాటి దగ్గర గ్రేడ్‌ని మెల్లగా మార్చే వర్టికల్ కర్వులు 40 మీటర్లవి. సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఏమీ ఇవ్వలేదు.

వంపుదారి
ఎర్రర్ ఇవ్వదు. అలైన్‌మెంట్, ప్రొఫైల్ చేసేటప్పుడు క్రైటీరియా ఆధారిత డిజైన్ (ప్రమాణాలతో సరిచూసే ఆప్షన్) పెట్టకపోతే, దాని దృష్టిలో ఏ గీత గీసినా ఒప్పే. పెట్టి ఉంటే ఈపాటికి ప్రతి కర్వు పక్కన పసుపు హెచ్చరిక గుర్తు కనబడేది.

లెక్క చూడండి. 80 వేగంలో డ్రైవర్ చూసి, బ్రేకు నొక్కి, బండి ఆగడానికి, స్పందనకి 2.5 సెకన్లు, రాపిడి 0.35 తీసుకుంటే, 56 మీటర్లు స్పందనలో, 72 మీటర్లు బ్రేకింగ్‌లో పోతాయి. అంటే 128. డ్రైవర్ కన్ను 1.2 మీటర్ల ఎత్తు, రోడ్డు మీద అడ్డు 0.15 మీటర్లు అనుకుంటే, మిట్ట మీద కె విలువ (గ్రేడ్ ఒక శాతం మారడానికి కావలసిన కర్వు పొడవు) సుమారు 37 కావాలి. మీ గ్రేడ్ తేడా 2 నుంచి మైనస్ 1.8, అంటే 3.8. 37తో గుణిస్తే 141 మీటర్ల కర్వు. మీరిచ్చింది 40. పీవీఐల మధ్య దూరమే 65 అయినప్పుడు 141 మీటర్ల కర్వు ఎక్కడ పడుతుంది?

80 వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. ప్రతి మూడు సెకన్లకి రోడ్డు లేస్తూ పడుతూ ఉంటుంది. ప్రతి మిట్టకీ ఎదుటి బండి మాయమవుతుంది. కాగితం మీద మట్టి తగ్గిందనుకుంటాం గానీ, ఎదుటివాణ్ణి చూడకుండా ఓవర్‌టేక్ చేసే మనిషి దాని ఖరీదు కడతాడు. నేను దీని గురించి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోకండి.

మట్టిలెక్క
మేడమ్ చెప్పింది న్యాయమే, కానీ అదే ఊపులో రెండు కిలోమీటర్లు స్కేలు పెట్టి గీసినట్టు గ్రేడ్ వేసే వాళ్ళున్నారు. నేను చూసిన ఒక పనిలో అలా వేస్తే కట్ట ఎత్తు ఏడు మీటర్లు దాటింది. కట్ట పాదం స్థలం దాటి బయటికి పోయింది. చివరికి ప్రొఫైల్ మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. నేల పోకడని పట్టుకోవాలి, ప్రతి గుంతనీ కాదు.

వంపుదారి
సరిగ్గా చెప్పారు. కంటికి కనిపించే పెద్ద ఎత్తుపల్లాలకి గ్రేడ్, చిన్నవాటికి కట్ ఫిల్.

వాగు_కిరణ్
మీరిద్దరూ మట్టి, చూపు అంటున్నారు. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. ప్రొఫైల్‌లో మొదట పడాల్సిన బిందువులు వాగు దాటే చోట్లు. వరద నీటి మట్టం, దాని మీద ఖాళీ, కల్వర్ట్ స్లాబ్ మందం, దాని పైన రోడ్డు పొరలు. ఇవి కలిపితే అక్కడ రోడ్డు కనీసం ఇంత ఎత్తులో ఉండాలని తేలిపోతుంది. రెండు కొసల్లో పాత రోడ్డుకి కలిసే లెవల్స్ ఎలాగూ మారవు. ఇవి గుచ్చాక మిగిలిన చోటే మన ఇష్టం. కట్, ఫిల్ సమానం చెయ్యాలన్న తాపత్రయం ఆ తర్వాతే.

కొత్త_అలైన్‌మెంట్
నా దాంట్లో వాగులు రెండున్నాయి. 1,150 దగ్గర ఒకటి, 1,980 దగ్గర ఒకటి. 1,980 దగ్గర వంపు కూడా మొదలవుతుంది. అక్కడ గ్రేడ్ 0.1 శాతమే ఇచ్చాను.

వాగు_కిరణ్
అదే చెప్పబోతున్నా. తిన్నటి రోడ్డులో నడుమ నుంచి రెండు పక్కలకీ క్యాంబర్ ఉంటుంది. వంపు మొదలయ్యే ముందు బయటి లేన్ క్యాంబర్ తగ్గుతూ వచ్చి ఒకచోట సరిగ్గా సున్నా అవుతుంది, ఆ తర్వాత ఎదురు వాలుకి తిరుగుతుంది. ఆ సున్నా దగ్గర నీళ్ళు పక్కకి పోవు. పొడుగునా పోవాలంటే గ్రేడ్ ఉండాలి. అదీ 0.1 శాతం అయితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. వానలో వేగంగా వచ్చిన బండి టైర్లు నీళ్ళ మీద తేలిపోయేది ఇలాంటి చోటే. కనీసం అర శాతం గ్రేడ్ ఉండేలా చూడండి. కుదరకపోతే ఆ సున్నా చోటుని ముందుకో వెనక్కో జరపండి.

చూడ్డం తేలికే. కారిడార్ టాప్ సర్ఫేస్ మీద వాటర్ డ్రాప్ కమాండ్ తీసుకుని 1,980కి అటూ ఇటూ క్లిక్ చేస్తూ పొండి. చుక్క ఏ దారిన పోతుందో గీత గీస్తుంది. గీత అంచుకి చేరితే మంచిది. నాలుగు మీటర్లు పోయి ఆగిపోయిందంటే అదే మీ మడుగు.

బ్రేక్‌లైన్_బాబు
దీనికి తోడు టాప్ సర్ఫేస్‌కి 5 సెంటీమీటర్ల కాంటూర్లు పెట్టండి. సున్నా వాలున్న చోట గీతలు దూరదూరంగా విడిపోతాయి, ఒక చూపుకే దొరుకుతుంది.

స్ట్రింగ్_మోడల్
ఇవన్నీ ఒక్క సివిల్ 3డి మాటలే కావు. నేను ఓపెన్‌రోడ్స్‌లో చేస్తా, మా పక్క టీమ్ 12డిలో చేస్తుంది. అసెంబ్లీ బదులు టెంప్లేట్ అంటాం, అంతే. సున్నా ఎత్తు పాయింటు ఎందులో వేసినా గొయ్యే.

ల్యాండ్ ఎక్స్‌ఎంఎల్‌లో ఫైలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మాత్రం, అలైన్‌మెంట్ వచ్చింది కదా అని ఊరుకోకండి. ప్రతి వంపు మొదలు, చివర చైనేజీలు రెండు వైపులా పోల్చి చూడండి. ట్రాన్సిషన్ కర్వులు (తిన్నటి దారిని వంపుకి మెల్లగా కలిపేవి) ఉన్నచోట మరీ.

సర్వే_శీను
మంచి మాట. ఇంకొకటి. నీ డ్రాయింగ్ యూటీఎం అనే మ్యాపు నిరూపకాల పద్ధతిలో ఉందా? ఉంటే నడిమి రేఖాంశం దగ్గర స్కేల్ గుణకం 0.9996. అంటే నేల మీద ఒక కిలోమీటరుకి డ్రాయింగ్‌లో 40 సెంటీమీటర్లు తక్కువ. 2.4 కిలోమీటర్ల చివరికి దాదాపు మీటరు తేడా. సైట్‌లో టోటల్ స్టేషన్‌తో మార్కింగ్ చేసేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పకపోతే కల్వర్ట్ చోటు మీద గొడవవుతుంది. శాటిలైట్ రిసీవర్ ఎత్తులైతే అవి భూమికి గణిత రూపంగా తీసుకునే దీర్ఘవృత్తాకార ఉపరితలం నుంచా, సముద్ర మట్టం నుంచా అన్నది కూడా అడుగు.

కొత్త_అలైన్‌మెంట్
రెండూ అడిగాను. ఎత్తులు సముద్ర మట్టం నుంచే, బెంచ్ మార్క్‌తో కలిపారు. డ్రాయింగ్ యూటీఎంలోనే ఉంది, స్కేల్ సంగతి నోట్ రాసి పెడుతున్నా.

ప్రొఫైల్ మొదటి నుంచీ వేశాను. ముందు రెండు కల్వర్ట్ లెవల్స్, రెండు కొసలు. పీవీఐలు తొమ్మిదికి దిగాయి. కనిష్ఠ కె 40. 1,980 దగ్గర గ్రేడ్ 0.6 శాతం చేశాను, వాటర్ డ్రాప్ గీతలన్నీ అంచుకి చేరుతున్నాయి. ఫిల్ 36,200 అయింది, కట్ 21,900. మట్టి పెరిగింది, అయినా ఇది చూపించి ఒప్పించగలను.

మట్టిలెక్క
కట్ 21,900 వచ్చిందంటే ఒకచోట బాగా లోతుగా దిగినట్టున్నారు. ఎక్కడ?

కొత్త_అలైన్‌మెంట్
300 వ్యాసార్థం ఉన్న వంపులో, లోపలి వైపు. గరిష్ఠంగా మూడున్నర మీటర్లు.

వంపుదారి
అయితే ఇంకో లెక్క ఉంది. మిట్ట మీద చూపు చూశాం, వంపులో చూడలేదు. లోపలి వైపు తవ్విన గట్టు చూపుకి అడ్డం వస్తుంది. 128 వర్గాన్ని 8 రెట్ల వ్యాసార్థంతో భాగిస్తే 6.8 మీటర్లు. లోపలి లేన్ నడుమ నుంచి అంత దూరం వరకు డ్రైవర్ కంటి ఎత్తులో ఏదీ ఉండకూడదు. మీకు సగం లేను, షోల్డరు, కాలవ కలిపి ఎంతొస్తుంది?

కొత్త_అలైన్‌మెంట్
1.75, 1.5, కాలవ 1.2. మొత్తం 4.45.

వంపుదారి
2.35 తక్కువ. గట్టు పాదాన్ని అంత వెనక్కి జరపండి, లేదా కాలవ అవతల చదునైన మెట్టు తియ్యండి. వంపు పొడుగునా మాత్రమే.

కొత్త_అలైన్‌మెంట్
దానికి ఇంకో అసెంబ్లీ చేసి కారిడార్‌ని ముక్కలు చెయ్యాలా?

బ్రేక్‌లైన్_బాబు
అక్కర్లేదు. కాలవ తర్వాత ఒక లింక్ సబ్‌అసెంబ్లీ పెట్టి, వెడల్పు సున్నా ఇవ్వండి. వంపు దగ్గర కావలసిన దూరంలో ఒక పాలీలైను గీసి దాన్ని ఆ లింకుకి టార్గెట్ చెయ్యండి. పాలీలైను ఉన్నంత మేర మెట్టు వస్తుంది, మిగతా చోట సున్నా. మొదలూ చివరా పాలీలైనుని కాలవ అంచులోకి మెల్లగా కలపండి, లేకపోతే గట్టు ఒక్కసారిగా విరిగినట్టు వస్తుంది.

మట్టిలెక్క
మెట్టు కాలవ వైపు వాలేలా పెట్టండి, నీళ్ళు గట్టు పాదంలో ఆగకూడదు. అది అయ్యాక కట్ మళ్ళీ తీసి ఇక్కడ వెయ్యండి. ఆ మట్టి 1,150 కల్వర్ట్ కట్టకి పనికొస్తుందేమో చూద్దాం, మట్టి పరీక్ష రిపోర్టు కూడా జత చెయ్యండి.